ఓవర్‌క్లాక్ చేసిన పీసీకి అప్‌గ్రేడ్: ముందు పవర్, తర్వాత ర్యామ్, చివర్లోనే గ్రాఫిక్స్ కార్డ్

ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్‌తో మొదలుపెడతా. బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాడు. "అన్నా, నాన్న ఒప్పుకున్నారు. నలభై వేలు ఇస్తారంట, మళ్ళీ మాత్రం అడగొద్దన్నారు. ఆర్‌టీఎక్స్ 3060 కొనేసి, మిగిలిన డబ్బుతో ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ వేద్దామనుకుంటున్నా. ఓకేనా?" అని అడిగాడు. కింద పీసీ వివరాలు పెట్టాడు. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డ్, డీడీఆర్4 ర్యామ్ 8 జీబీ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1650 కార్డ్, 450 వాట్ల పవర్ సప్లై. చివర్లో ఒక లైన్: ప్రాసెసర్‌ని 1.35 వోల్ట్స్ మీద 4.3 గిగాహెర్ట్జ్‌కి ఓవర్‌క్లాక్ చేశా అన్నా, సూపర్‌గా నడుస్తోంది.

ఆ చివరి లైన్ లేకపోతే రెండు ముక్కల్లో జవాబిచ్చేవాణ్ణి. అది ఉంది కాబట్టే ఇంతసేపు మాట్లాడాల్సి వస్తోంది. పైగా "మళ్ళీ అడగొద్దు" అన్న మాట ఉంది చూశారా, అది మన ఇళ్ళల్లో ఎంత బరువైన మాటో నాకు తెలుసు. ఆ నలభై వేలు తప్పు చోట పెడితే వాడికి ఇంకో ఛాన్స్ లేదు.

ముందు ఓవర్‌క్లాక్ అంటే ఏంటో, అప్‌గ్రేడ్‌కి అది ఎందుకు అడ్డొస్తుందో చూద్దాం. కంపెనీ ఒక చిప్‌ని అమ్మేటప్పుడు కొంచెం వెసులుబాటు వదిలి అమ్ముతుంది. వేసవి వేడి, కరెంటు హెచ్చుతగ్గులు, నాలుగేళ్ళ వాడకం, అన్నీ తట్టుకోవాలి కదా. ఓవర్‌క్లాక్ అంటే ఆ వెసులుబాటుని మనం స్పీడ్ కోసం ముందే వాడేసుకోవడం. తప్పేం లేదు, నేనూ చేశా. కానీ కొత్త ర్యామ్ పెట్టినా, కొత్త కార్డ్ పెట్టినా, వాటికీ ఆ వెసులుబాటే కావాలి. మీరు ఖర్చుపెట్టేసిన డబ్బుతోనే ఇంకో వస్తువు కొనాలనుకున్నట్టు ఉంటుంది.

లెక్క చూద్దాం. ప్రాసెసర్ తినే పవర్ ఫ్రీక్వెన్సీ పెరిగిన మేర పెరుగుతుంది. వోల్టేజ్‌తో మాత్రం అలా కాదు, దాని స్క్వేర్‌తో పెరుగుతుంది. 3600 డబ్బా మీద 65 వాట్స్ అని ఉంటుంది గానీ, ఓవర్‌క్లాక్ చేయకపోయినా ఫుల్ లోడ్‌లో అది 88 వాట్స్ దాకా లాగడానికి ఏఎండీనే పర్మిషన్ ఇచ్చింది. ఆ టైంలో సుమారు 1.2 వోల్ట్స్, 3.95 గిగాహెర్ట్జ్ అనుకోండి. మనవాడు 1.35, 4.3 పెట్టాడు. 1.35ని 1.2తో భాగించి స్క్వేర్ చేస్తే 1.27. ఫ్రీక్వెన్సీ వాటా 1.09. రెండూ గుణిస్తే దాదాపు 1.38. అంటే 88 వాట్స్ కాస్తా 120 దగ్గరికి వెళ్ళింది. ఇది అంచనానే, ఒక్కో చిప్ ఒక్కోలా ఉంటుంది. కానీ బేరం ఎలా ఉందో చూడండి: తొమ్మిది శాతం స్పీడ్ కోసం ముప్పై ఎనిమిది శాతం పవర్. ఆ తొమ్మిది శాతం కూడా అన్ని కోర్లూ ఫుల్‌గా పనిచేసినప్పుడే. ఈ చిప్ మామూలుగానే ఒక కోర్ మీద 4.2 దాకా తనంతట తానే వెళ్తుంది. కాబట్టి గేమ్స్‌లో మీకు కనిపించే తేడా నాలుగైదు ఫ్రేమ్స్ ఉంటే ఎక్కువ.

ఇక్కడే ఇంకో మాట. సాఫ్ట్‌వేర్‌లో అప్పుడప్పుడు 1.4 వోల్ట్స్ పైన చూపిస్తుంది, అది చూసి "కంపెనీనే ఇస్తోంది కదా" అని అన్ని కోర్లకీ 1.4 ఫిక్స్ చేసేవాళ్ళున్నారు. అది ఒకటీ రెండు కోర్లు క్షణకాలం బూస్ట్ అయినప్పుడు, తక్కువ కరెంట్ మీద వచ్చే నంబర్. ఫుల్ లోడ్‌లో అదే వోల్టేజ్ నిలబెడితే చిప్ నెమ్మదిగా అరిగిపోతుంది. మొన్నటిదాకా నడిచిన 4.3, కొన్నాళ్ళకి నడవకపోవచ్చు.

అందుకే తమ్ముడికి ఇచ్చిన మొదటి సలహా పైసా ఖర్చు లేనిది. బయోస్‌లోకి వెళ్ళి ఓవర్‌క్లాక్ తీసెయ్, కంపెనీ సెట్టింగ్స్‌కి వచ్చెయ్. అప్‌గ్రేడ్ అంతా అయ్యాక, మనసు ఒప్పుకుంటే మళ్ళీ పెట్టుకో. వాడికి నచ్చలేదు. ఎవరికీ నచ్చదు.

రెండోది పవర్ సప్లై, మనం ఎస్ఎంపీఎస్ అంటాం కదా, అది. డబ్బా ఏ వైపు చూసినా 450 అనే ఉంటుంది, ఆ నంబర్ వదిలెయ్, పక్కనున్న స్టిక్కర్ ఫోటో తీసి పంపు అన్నా. అందులో 3.3 వోల్ట్, 5 వోల్ట్, 12 వోల్ట్ అని వరసలు ఉంటాయి. ఈ కాలం పీసీల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తాగేది 12 వోల్ట్ లైన్ నుంచే. మనవాడి స్టిక్కర్ మీద 12 వోల్ట్ దగ్గర 22 ఆంప్స్ అని ఉంది. 12ని 22తో గుణించండి. 264 వాట్స్. 450 అని రాసి, అసలు పనికొచ్చే చోట ఇస్తున్నది అంతే. మిగతాది ఎవరూ పెద్దగా వాడని 5, 3.3 లైన్లలో కూర్చుంది. కొన్నిటి మీద 12వీ1, 12వీ2 అని రెండు వరసలుంటాయి. ఆ రెండూ కూడేయకండి, కింద రెండిటికీ కలిపి ఇచ్చిన మొత్తం వాట్స్ చూడండి.

ఇప్పుడు వాడి ప్లాన్‌కి ఎంత కావాలి? ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్‌కి 120. ఆర్‌టీఎక్స్ 3060కి 170. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఒక 50 వేసుకుందాం. 340 వాట్స్. చేతిలో ఉన్నది 264. ఇన్నాళ్ళూ ఎలా నడిచిందంటే, జీటీఎక్స్ 1650 తినేది 75 వాట్స్ మాత్రమే. చాలా మోడల్స్‌కి విడిగా పవర్ కేబుల్ కూడా ఉండదు, స్లాట్ నుంచే తీసుకుంటుంది. అదే వాణ్ణి కాపాడింది.

340 కూడా సగటు లెక్కే. గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు తమ రేటింగ్‌కి దాదాపు రెట్టింపు లాగుతాయి. మీటర్‌లో కనపడదు, కానీ పవర్ సప్లైకి తెలుస్తుంది. గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి పీసీ ఒక్కసారిగా రీస్టార్ట్ అయిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చిన కొత్తలో మంచి పవర్ సప్లైలు కూడా ఈ దెబ్బకి ఆఫ్ అయిపోయేవి. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 స్టాండర్డ్‌లో, రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని రాశారు. మనవాడి కేసులో నేను చెప్పింది మంచి కంపెనీ 550 వాట్స్, 12 వోల్ట్ లైన్ మీదే దాదాపు మొత్తం ఇచ్చేది. 850 అక్కర్లేదు. ఆ తేడా డబ్బు ర్యామ్‌కి పనికొస్తుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ గురించి కూడా అడుగుతుంటారు. అది ఎఫిషియెన్సీ సర్టిఫికెట్. గోడ నుంచి తీసుకున్న కరెంట్‌లో ఎంత వేడిగా పోతుందో చెబుతుంది, అంతే. లోపల షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ ఎలా ఉంది, వోల్టేజ్ ఎంత నిలకడగా ఉంది అనేది చెప్పదు. బ్రాంజ్ ఉండటం మంచిదే, కానీ వారంటీ ఐదేళ్ళు ఉందా అన్నది నేను ముందు చూస్తా. ఆ వారంటీ ఇచ్చే కంపెనీకి లోపల ఏముందో తెలిసే ఉంటుంది కదా.

కేబుల్స్ విషయంలో రెండు జాగ్రత్తలు, ఈ రెండూ నవ్వులాటకి చెప్పేవి కాదు. పాత పవర్ సప్లై మాడ్యులర్ కేబుల్స్ కొత్తదానికి పెట్టకండి. సాకెట్‌లో చక్కగా దూరుతాయి, కానీ లోపల వైర్ల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. 5 వోల్ట్ రావాల్సిన చోట 12 వస్తే హార్డ్ డిస్క్ అక్కడికక్కడే పోతుంది. రెండోది, గ్రాఫిక్స్ కార్డ్ పవర్ పిన్ లేదని సాటా నుంచి కన్వర్టర్ వేయడం. సాటా కనెక్టర్ 12 వోల్ట్ మీద మోయగలిగేది 54 వాట్స్. కార్డ్ 6 పిన్ అడిగేది 75, 8 పిన్ అయితే 150. ఆ తేడా మొత్తం ప్లాస్టిక్ కరగడానికి పోతుంది.

మన ఇళ్ళకి సంబంధించినవి ఇంకో రెండు. చాలామంది దగ్గర ఉండేది 600 వీఏ యూపీఎస్. అది 600 వాట్స్ కాదు, చాలావాటికి 360 వాట్సే. లోపల 340 వాట్స్ కావాలంటే, 85 శాతం ఎఫిషియెన్సీ మీద గోడ నుంచి 400 తీసుకోవాలి. అంటే కరెంటు పోగానే యూపీఎస్ కుయ్‌మని పీసీతో సహా పడుకుంటుంది. యూపీఎస్ ఉంచుకోండి, కానీ దాని వాట్స్ కూడా మీ లెక్కలో రాసుకోండి. ఇక ఎర్తింగ్. అద్దె రూముల్లో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని చెప్పేవాళ్ళు బోలెడుమంది. పవర్ సప్లైలోని ఫిల్టర్ కొద్దిపాటి కరెంట్‌ని ఎర్త్‌కి పంపేలా తయారైంది. సాకెట్‌లో ఎర్త్ వైర్ లేకపోతే అది క్యాబినెట్ మీదే ఉంటుంది, మీ వేలికి తగులుతుంది. వేలల్లో పెట్టి కార్డ్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని ఒక్కసారి పిలిపించండి.

సరే, ఇప్పుడు ర్యామ్. నాకు బాగా దెబ్బ తగిలిన చోటు ఇది, అందుకని కాస్త ఎక్కువసేపు ఆగుతా.

నా పీసీ కూడా దాదాపు ఇలాంటిదే. అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వర్క్ ఫ్రమ్ హోమ్. 8 జీబీ సరిపోక ఇంకో కంపెనీ 8 జీబీ స్టిక్ తెచ్చి పక్కన పెట్టా. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేశా, 3200 చూపించింది. నెల రోజులు గేమ్స్ ఆడా, ఒక్కసారి కూడా క్రాష్ కాలేదు. ఇంకేముంది, పర్ఫెక్ట్ అనుకున్నా. 2021లో మా అక్క పెళ్ళయింది. ఫోటోగ్రాఫర్ కార్డులు తెచ్చి ఫోటోలన్నీ నా పీసీలోనే కాపీ చేయించాడు. "అన్నీ వచ్చాయా అన్నా?" అని అడిగాడు, వచ్చాయన్నా. పాపం, అతను కార్డులు ఫార్మాట్ చేసుకుని ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాడు. కొన్ని నెలల తర్వాత ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకుంటుంటే కొన్ని సగం వరకే తెరుచుకుంటున్నాయి, కింద సగం బూడిద రంగు. అప్పగింతల ఫోటోలు చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 పెట్టి చూస్తే స్క్రీన్ నిండా ఎర్ర లైన్లు. నానమ్మ ఏడుస్తున్న ఫోటో ఒకటి ఉండాలి, నాకు గుర్తుంది, తీసేటప్పుడు నేను పక్కనే ఉన్నా.

ర్యామ్‌తో ఉన్న ఇబ్బంది అదే. గ్రాఫిక్స్ కార్డ్ తేడా చేస్తే స్క్రీన్ మీద చుక్కలు కనిపిస్తాయి, పవర్ సప్లై తేడా చేస్తే పీసీ ఆగిపోతుంది. ర్యామ్ తేడా చేస్తే ఏమీ జరిగినట్టుండదు. ఏ ఫైల్ కాపీ చేసినా ర్యామ్ మీదుగానే వెళ్తుంది, అక్కడ ఒక్క బిట్ మారితే మారిన ఫైలే డిస్క్ మీద పడుతుంది.

చాలామందికి తెలియని విషయం, ఎక్స్ఎంపీ కూడా ఓవర్‌క్లాకే. డీడీఆర్4 అసలు వోల్టేజ్ 1.2. ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే చాలా స్టిక్స్ 1.35కి వెళ్తాయి. పైగా ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపల, అంటే మనవాడు ఆల్రెడీ 1.35 వోల్ట్స్ ఎక్కించి వేడెక్కించిన ప్రాసెసర్‌లో. రెండు ఓవర్‌క్లాకులు ఒకేసారి ఉంటే, ఎర్రర్ వచ్చినప్పుడు ఎవరి తప్పో తేల్చలేరు. ర్యామ్ టెస్ట్ చేసేటప్పుడు ప్రాసెసర్ కంపెనీ సెట్టింగ్‌లో ఉండాలి అనేది అందుకే.

ఇంకో 8 జీబీ స్టిక్ వేయడం ఐడియాగా మంచిదే. ఒక స్టిక్ ఉంటే ఒక ఛానల్. 3200 స్పీడ్‌లో ఒక ఛానల్ సెకనుకి 25.6 జీబీ మోస్తుంది, రెండు ఛానల్స్ అయితే 51.2. ఓవర్‌క్లాక్‌తో వచ్చిన ఆ తొమ్మిది శాతం దీని ముందు ఎంత? 8 జీబీ నిండిపోయాక విండోస్ ఎస్ఎస్‌డీని ర్యామ్‌లా వాడటం మొదలుపెడుతుంది, అది మంచి ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్ కంటే దాదాపు వెయ్యి రెట్లు ఆలస్యంగా జవాబిస్తుంది. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, వెనక ఆండ్రాయిడ్ స్టూడియో పెట్టిన వాళ్ళకి ఆ నత్తనడక తెలుసు.

కానీ వేరే స్టిక్ తెచ్చి కలపడం లాటరీ. మోడల్ నంబర్ ఒకటే అయినా లోపల చిప్స్ ఒకసారి శాంసంగ్‌వి, ఇంకోసారి మైక్రాన్‌వి, హైనిక్స్‌వి ఉండొచ్చు. అందుకే ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు స్టిక్స్ కిట్ తీసుకోమంటా, పాతది అమ్మేయమంటా. పాతది ఉంచి మొత్తం మూడో, నాలుగో పెడతానంటారు కొందరు. 3600 ప్రాసెసర్‌కి రెండు స్టిక్స్‌తో ఏఎండీ ఒప్పుకునే స్పీడ్ 3200. నాలుగు స్లాట్లూ నింపితే అది 2933కి, స్టిక్ రకాన్ని బట్టి 2667కి పడిపోతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్స్ పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్. పక్కపక్కన పెట్టి ఒకటే ఛానల్‌లో నడిపేవాళ్ళని చాలామందిని చూశా.

స్పీడ్ ఎంత కొనాలి? డబ్బా మీద నంబర్ పెద్దదైతే ఫాస్ట్ అనుకోకండి. 3200 సీఎల్16 స్టిక్ జవాబివ్వడానికి పట్టే టైం 10 నానోసెకన్లు. 3600 సీఎల్18కి కూడా సరిగ్గా 10. రైజెన్ 3000 సిరీస్‌లో 3600 వరకు లోపలి ఫ్యాబ్రిక్ ర్యామ్‌తో సమానంగా అడుగులేస్తుంది, ఇంకా పైకి వెళ్తే ఆ జత విడిపోయి లేటెన్సీ పెరుగుతుంది. కాబట్టి 3200 సీఎల్16, 16 జీబీ కిట్ చాలు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశారుగా, అనవసరమైన నంబర్ల కోసం ఎక్కువ పెట్టే రోజులు కావివి.

పెట్టాక మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి, ఫ్రీ వెర్షన్‌లో నాలుగు రౌండ్లు ఇస్తాడు. పాస్ మార్కు ఒక్కటే, సున్నా ఎర్రర్లు. ఇంకో సంగతి, డిసెంబర్‌లో ఏసీ గదిలో పాసైన సెట్టింగ్ మే నెల విజయవాడలో పాసవుతుందని గ్యారంటీ లేదు. ఎండల్లో ఇంకోసారి పెట్టి చూడండి. మీ ఫోన్ ఎండలో గేమ్ ఆడితే తనంతట తానే స్లో అవుతుంది కదా, చేత్తో ఫిక్స్ చేసిన ఓవర్‌క్లాక్‌కి ఆ తెలివి అంతగా ఉండదు.

గ్రాఫిక్స్ కార్డ్ గురించి నెట్‌లో కావాల్సినంత ఉంది, తొందరగా ముగిస్తా. ముందు ఆఫ్టర్‌బర్నర్ పెట్టి గేమ్‌లో కార్డ్ వాడకం చూడండి. 95 శాతం పైన ఉంటే కార్డే అడ్డు, మార్చొచ్చు. అరవై, డెబ్భై దగ్గరే ఆగుతుంటే అడ్డు ప్రాసెసరో ర్యామో, కొత్త కార్డ్ వేసినా లాభం లేదు. 3060లో 12 జీబీది, 8 జీబీది రెండున్నాయి. 8 జీబీదానికి మెమొరీ దారి కూడా ఇరుకు, పేరు ఒకటే కదా అని మోసపోవద్దు. బ్లెండర్, ఏఐ మోడల్స్ లాంటివి చేస్తే 12 జీబీ 3060 మంచిది. గేమ్స్ ఒక్కటే అయితే ఆర్ఎక్స్ 6600 చూడండి, తినేది 132 వాట్సే. బి450 బోర్డు పాత పీసీఐ 3.0 అయినా దీనికి పెద్ద నష్టం లేదు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం నాలుగే లేన్లు వాడుతుంది, ఈ బోర్డు మీద బాగా చతికిలపడుతుంది, చవకగా వచ్చినా వద్దు. కొనేముందు క్యాబినెట్‌లో పొడవు కొలుచుకోండి. సికింద్రాబాద్ సీటీసీలో కొనేవాళ్ళైతే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

మన తమ్ముడు చివరికి ఏం చేశాడంటే, పవర్ సప్లై, ర్యామ్ కిట్ ముందు కొన్నాడు. కార్డ్ డబ్బు వాళ్ళమ్మ దగ్గరే ఉంచాడు. రాత్రి టెస్ట్ పెట్టి పడుకున్నాడు. ఈ పొద్దున మెసేజ్: "అన్నా, నాలుగు రౌండ్లలో ఒక్క ఎర్రర్ వచ్చింది. ఒక్కటే కదా, పర్లేదా?"

పర్లేదు కాదు తమ్ముడూ. ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి మళ్ళీ నడుపు. అప్పుడూ వస్తే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి ఏది పాడైందో కనుక్కుని, కిట్ మొత్తం షాపులో మార్పించుకో. రాకపోతే స్పీడ్ 2933కి దించి ఇంకో రాత్రి చూడు. అంతవరకు ఇంట్లో ఫోటోలేవీ ఆ పీసీలోకి కాపీ చేయకు. సున్నా వచ్చాక స్క్రీన్‌షాట్ పంపు, అప్పుడు కార్డ్ సంగతి మాట్లాడదాం. ఉంటా మరి ఫ్రెండ్స్.